వావిలాకు సారం: ఎలుక పాదం నుంచి మన మోకాలి దాకా

(చర్చలో ఫార్మకాలజీ అధ్యాపకురాలు, ఆయుర్వేద వైద్యుడు, కీళ్లవాతం డాక్టర్ పాల్గొన్నారు)

వ్యాఖ్యాత: నమస్కారం. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ ఆకు సారం నొప్పినీ వాపునూ తగ్గిస్తుందని ల్యాబులో తేలిందంటే మనం ఏమనుకోవాలి?

ఆయుర్వేద వైద్యుడు: వినాయక చవితి పత్రిలో సింధువారం ఉంటుందే, అదేనండీ వావిలి. మేం నిర్గుండి అంటాం. కాపడం, ఆవిరి, తైలం, ఇలా పైకి వాడేదే ఎక్కువ.

వ్యాఖ్యాత: మేడమ్, ల్యాబులో అసలేం చేస్తారు?

అధ్యాపకురాలు: ముందు అది వైటెక్స్ నెగుండోనే (వావిలి శాస్త్రీయ నామం) అని వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు ధ్రువీకరించాలి. ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఒక రకం ఆల్కహాల్ అయిన మిథనాల్‌లో సారం తీస్తాం. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే ఎలుకల మీద పరీక్ష. సారం తాగించాక, వెనక కాలి పాదంలోకి 1 శాతం క్యారజీనన్ ద్రావణం 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తాం. అది ఎర్ర నాచు నుంచి తీసే పదార్థం. పాదం ఉబ్బుతుంది. చీలమండ దగ్గర గీత గీసి, ఆ గీత దాకా పాదాన్ని వాపు కొలిచే పరికరమైన ప్లెథిస్మోమీటర్‌ ద్రవంలో ముంచి, వాపు ఎంతుందో గంటగంటకూ రాసుకుంటాం. ఒక గుంపుకు మందేమీ ఉండదు, ఇంకో గుంపుకు నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ మాత్ర మందు, మిగతావాటికి వేర్వేరు మోతాదుల్లో సారం.

వ్యాఖ్యాత: గంటగంటకూ ఎందుకండీ?

అధ్యాపకురాలు: మొదట్లో వచ్చే వాపు ఒంట్లో విడుదలయ్యే రసాయనాలైన హిస్టమిన్, సెరటోనిన్‌ల పని. మూడో గంటకల్లా వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్‌లు అందుకుంటాయి. వాటి తయారీని ఆపడం వల్లే ఆస్పిరిన్ పనిచేస్తుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. సారం ఏ గంటలో వాపు తగ్గించిందో చూస్తే అది ఎక్కడ పనిచేస్తోందో కొంత ఊహించొచ్చు. నొప్పికైతే 55 డిగ్రీల వేడి పలక. ఎలుక ఎన్ని సెకన్లకు పాదం నాకిందో చూస్తాం, ఎక్కువసేపు ఉంచకుండా తీసేస్తాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. సారం మత్తు కలిగించినా ఎలుక కదలదు. దాన్ని నొప్పి తగ్గడం కింద రాసుకుంటే తప్పే. కాబట్టి తిరిగే కడ్డీ మీద నిలబెట్టి, పట్టు తప్పుతోందేమో కూడా చూడాలి.

ఆయుర్వేద వైద్యుడు: నా అభ్యంతరం ఒకటుంది. మేం వాడేది వేడినీళ్లలో కాచిన ఆకు, అదీ చర్మం మీద. మీరు పరీక్షించింది నోట్లో పోసిన మిథనాల్ సారం. దాంతో మా వాడకం రుజువైనట్టూ కాదు, తప్పని తేలినట్టూ కాదు.

అధ్యాపకురాలు: నిజమే. నీటి కషాయాన్ని కూడా దీంతో పోల్చి పరీక్షించాల్సిందే.

కీళ్లవాతం డాక్టర్: మోతాదు సంగతి కూడా చూడండి. ఎలుకకు కిలోకు 200 మిల్లీగ్రాములు ఇచ్చారనుకుందాం. ఎలుక ఒళ్లు, మనిషి ఒళ్లు ఒకటి కాదు కాబట్టి, మనిషి లెక్కకు మార్చాలంటే దాన్ని 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి సుమారు 1.9 గ్రాముల సారం అవుతుంది. ఎండాకులో పదో వంతు సారం దిగుతుందనుకుంటే, పూటకు 19 గ్రాముల ఎండాకు. ఇది లెక్క మాత్రమే, ఎవరూ ఇలా తినకండి! నెలల తరబడి తింటే లివర్‌కు, కిడ్నీకి ఏమవుతుందో ఎలుక పాదం చెప్పదు.

నన్ను బాధపెట్టేది ఇంకోటి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే వాతం) ఉన్నవాళ్లు "మొక్కలో మందు దొరికిందట" అని, ఆ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ మానేస్తారు. నొప్పి ఓర్చుకోగలిగినా లోపల కీలు అరిగిపోతూనే ఉంటుంది. అరిగిన ఎముక మళ్లీ రాదు. ఏదైనా పొడి తిన్న మర్నాడే నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసిందేమో అనుమానించండి. అప్పుడు కూడా ఉన్నట్టుండి మానేయకండి, ప్రమాదం. ఆ పొట్లం డాక్టర్‌కు చూపించండి.

వ్యాఖ్యాత: మరి మా అమ్మ మోకాలికి వావిలాకు కాపడం పెట్టుకోవచ్చా?

కీళ్లవాతం డాక్టర్: వయసుతో వచ్చే అరుగుదల నొప్పయితే గోరువెచ్చగా పెట్టుకోనివ్వండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే మాత్రం వేడి ఎంతుందో ఇంట్లో ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. కీలు ఎర్రబడి, జ్వరం కూడా ఉంటే కాపడం మాట పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.