నంబరు ఎవరిని అడిగి వేయాలి?

అందరికీ నమస్కారం. ఒకే నంబరు రెండింటికి పడకుండా ఎలా వేయాలన్నదే ఇవాళ్టి విషయం. భోజనాల తర్వాత సెషన్ నాకిచ్చారు కాబట్టి ముందు నా తప్పు ఒకటి చెప్తాను, నిద్ర పట్టకుండా ఉంటుంది.

నేను రాసిన మొదటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక బట్టల కొట్టుకి. గాజువాకలో ఒక బ్రాంచి, ఎంవీపీ కాలనీలో ఒకటి. పగలు ఎవరి కంప్యూటర్ వాళ్లది, రాత్రి కొట్టు కట్టేశాక రెండు డేటాలూ కలపాలి. రెండు చోట్లా బిల్లు నంబరు 1 నుంచి మొదలయ్యేలా రాశాను. మొదటి రాత్రే గాజువాక 41వ బిల్లు మీద ఎంవీపీ 41వ బిల్లు కూర్చుంది. మర్నాడు పట్టుచీర మార్చుకుందామని ఒకావిడ వస్తే, ఆవిడ బిల్లులో రెండు జతల బనీన్లు ఉన్నాయి. ఓనరు గారు కంప్యూటర్‌ని తిట్టారు. నేను మాట్లాడలేదు.

సరే, జీ-41, ఎం-41 అని ముందు అక్షరం తగిలించాను. ఇదేమీ నా తెలివి కాదు. మన పోర్టు రోడ్డులో ట్రైలర్ల మీద వెళ్లే కంటెయినర్లని చూడండి. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, పక్కన చిన్న డబ్బాలో ఇంకో అంకె. మొదటి మూడు అక్షరాలు యజమానివి, వాటిని నమోదు చేసేది పారిస్‌లో ఉన్న ఒక సంస్థ. ఆ తర్వాతి ఆరు అంకెలు యజమాని ఇష్టం, ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. చివరి అంకె ముందున్న పదింటి నుంచి లెక్క కట్టి వచ్చేది. గేటు దగ్గర గుమాస్తా 6 బదులు 8 కొడితే లెక్క తేడా వస్తుంది, అక్కడే దొరికిపోతాడు.

ఈ పద్ధతికి అక్షరాన్ని కాపలా కాసేవాడు ఉండాలి. మధురవాడలో మూడో బ్రాంచి తెరిచినప్పుడు గాజువాక హార్డ్‌డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపారు. జీతో సహా! మళ్లీ రెండు చోట్లా ఒకే నంబర్లు.

ఎవరినీ అడగకుండా నంబరు వేసుకోవడానికే యూయూఐడీ, అంటే ఇంకెక్కడా రాకూడని ఐడీ. మొత్తం 128 బిట్లు, అంటే 128 సున్నాలూ ఒకట్లూ. పాత వెర్షన్ 1 లో నెట్‌వర్క్ కార్డు అడ్రసూ, 1582 అక్టోబరు 15 నుంచి లెక్కపెట్టిన టైమూ ఉంటాయి. గ్రెగోరియన్ క్యాలెండర్ మొదలైన రోజది. దీంతో ఏ మెషీన్ ఎప్పుడు తయారుచేసిందో బయటపడిపోతుంది. వెర్షన్ 4 లో 122 బిట్లు ఊరికే చీటీ తీసినట్టు వస్తాయి. రెండు ఐడీలు ఒకటే అయిపోవా అని టెన్షన్ పడతారు. 23 మంది ఉన్న క్లాసులో ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. ఇక్కడ ఆ సగం అవకాశం రావాలంటే 27 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని ఐడీలు కావాలి. అయితే చీటీలు నిజంగా కలిపి తీయాలి. మీరు సొంతంగా రాసిన రాండమ్ ఫంక్షన్ వద్దు, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చేదే వాడండి.

ఇంకో చిక్కు డేటాబేస్‌లో. వెర్షన్ 4 ఐడీలు ఇండెక్స్‌లో, అంటే త్వరగా వెతకడానికి డేటాబేస్ వరసగా పెట్టుకునే పట్టికలో, ఎక్కడపడితే అక్కడ దూరతాయి, టేబుల్ పెరిగేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది. అందుకే 2024 మేలో ప్రమాణంగా వచ్చిన వెర్షన్ 7 లో మొదటి 48 బిట్లు మిల్లీసెకన్ల టైము. కొత్తవి వరసగా చివర్లో చేరతాయి. ఇవాళ కొత్తగా మొదలుపెడితే నేను దీన్నే వాడతాను.

ఆ కొట్టులో ఇప్పుడు లోపల యూయూఐడీనే ఉంది. బిల్లు కాగితం మీద మాత్రం జీ-41 లాగే వస్తుంది. 36 అక్షరాలు ఫోన్లో చదివి చెప్పమంటే ఓనరు గారు ఊరుకోరు.