లాసెట్ చదువు మధ్యలో ఆగిపోయిందా? ఒకసారి ఇంట్లో బీరువా తెరవండి

నమస్తే. లా కాలేజీ సీటు కోసం రాసే లాసెట్‌కు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ చదువుతున్న అన్నలకు, అక్కలకు నమస్తే. నేను నల్గొండ కోర్టులో జూనియర్‌గా పనిచేస్తున్నాను. ఈ మధ్య మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, అటు జడ్చర్ల నుంచి ఫోన్ చేసేవాళ్లంతా దాదాపు ఒకటే మాట అంటున్నారు. "అన్నా, మొదట్లో మంచిగనే చదివిన. ఇప్పుడు పుస్తకం తెరవబుద్ధి అయితలేదు. ఏం చెయ్యాలె?"

పొద్దున్నే నాలుగింటికి లేవండి, అద్దం ముందు నిలబడి "నేను సాధిస్తా" అనుకోండి అని నేను చెప్పలేను. అట్లాంటి వీడియోలు చూసినంతసేపు ఒళ్లు వేడెక్కుతుంది. వీడియో అయిపోయి గైడ్ తెరిచి టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం) చాప్టర్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆవలింతే. అందులో మీ తప్పేం లేదు. ఆ గైడ్‌లో ఆర్టికల్ నంబరు ఉంటుంది, సెక్షన్ నంబరు ఉంటుంది, లాటిన్ ముక్క ఉంటుంది, కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి. ఆ చట్టం ఎవరి గొడవ తీర్చడానికి పుట్టిందో మాత్రం ఉండదు. మనిషే లేని చదువు ఎన్ని రోజులని చదువుతాం?

అందుకే బీరువా తెరవమంటున్నా. మన జిల్లాల్లో చాలా ఇళ్లలో పట్టా పాస్‌బుక్ కింద, బంగారం కుదువ పెట్టిన రసీదుల పక్కన ఒక ప్రామిసరీ నోటు ఉంటుంది. లేకపోతే పక్కింట్లో ఉంటుంది. దాన్ని ఒకసారి తీసి నిదానంగా చదవండి. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరగడానికి వచ్చి ఉంటుంది. పైన తారీఖు, కింద ఫలానా ఊరు, ఫలానా వారి కుమారుడు, అవసరం నిమిత్తం తీసుకున్న రొక్కం ఇంత, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, మీరు కోరినప్పుడు మీకు గానీ మీ ఆర్డరు పొందినవారికి గానీ చెల్లిస్తాను అని ఉంటుంది. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకమో వేలిముద్రో ఉంటుంది. పక్కన ఇద్దరు సాక్షులు, అడుగున రాసిన మనిషి దస్తూరీ.

ఇప్పుడు కాగితం తిప్పి వెనకవైపు చూడండి. "ఈ నోటు మీద చెల్లు" అని రాసి, తారీఖు వేసి, ఐదు వేలో పదివేలో ముట్టినట్టు సంతకం ఉండొచ్చు. చెల్లు ఎందుకు వేయిస్తారని మీ నాన్నను అడగండి. "లేకుంటే మూడేండ్లకు నోటు చచ్చిపోతది బిడ్డా" అంటాడు. ఆయన ఏ లా కాలేజీకీ పోలేదు. కానీ ఆయన చెప్పింది 1963 నాటి లిమిటేషన్ చట్టం. నోటు రాసిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. గడువు దాటకముందే బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే 18వ సెక్షన్ కింద గడువు మళ్లీ మొదలవుతుంది. కొంత డబ్బు కట్టి, కట్టినట్టు రాసి సంతకం పెడితే 19వ సెక్షన్. ఊళ్లో చెల్లు అనేది ఇదే.

ఇంకో ప్రశ్న వేసుకోండి. మూడేళ్లు దాటిపోయింది, చెల్లు లేదు. బాకీ మొత్తం పోయినట్టేనా? దావా వేసే దారి మూసుకుపోతుంది గానీ బాకీ అనేది చెరిగిపోదు. అప్పు తీసుకున్నాయన మనసు మారి "ఇస్తాను" అని కొత్తగా కాగితం రాసి సంతకం పెడితే అది చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్‌లో ఉంది ఈ సంగతి. అదే నోటు మీద సంతకం పెట్టిన పిల్లవాడికి అప్పటికి పదిహేడేళ్లే అనుకోండి. మైనర్ చేసిన ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసుల ఆఖరి అప్పీలు కోర్టు) మొహిరీ బీబీ కేసులో చెప్పింది. కలకత్తాలో ఒక మైనర్ తన ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చిన కేసు అది. గైడ్‌లో ఒక్క లైనులో ఉంటుంది, పది సార్లు చదివినా నిలవదు. మీ ఊళ్లో ఎవరో ఒక పిల్లగాడి పేరు పెట్టి ఒక్కసారి ఊహించుకోండి, ఇక మరిచిపోరు.

సాదాబైనామా సంగతీ అంతే. తెల్ల కాగితం మీద భూమి రాయించుకుని, నాలుగు దిక్కుల హద్దులు వేసి, ముప్పై ఏళ్లు దున్నుకుని, చివరికి కాగితాల్లో పేరు లేక ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలాయన ప్రతి ఊళ్లో ఉంటాడు. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ అంటుంది. ఆ ముసలాయన దగ్గర పావుగంట కూర్చుని ఆయన కథ వినండి. తర్వాత సెక్షన్ చదవండి. ఎందుకు చదువుతున్నానో అన్న అనుమానం రాదు.

పాలమూరు వాళ్లకు నేనేం ప్రత్యేకంగా చెప్పాలి? బొంబాయి బస్సు ఎక్కిన మనిషి లేని తండా ఎక్కడుంది? గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సు తీరేదాకా కూలి ఎంతిస్తే అంత. ఇప్పుడు రాజ్యాంగం 23వ ఆర్టికల్ తెరవండి. మనుషుల అక్రమ రవాణా, వెట్టి, ఇంకా ఏ రకమైన బలవంతపు చాకిరీ అయినా నిషేధం. నల్గొండలో తాతలు దొరల కాలం వెట్టి గురించి చెప్పేది మీరు వినే ఉంటారు. అదే ఆర్టికల్ ఇది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీల కేసులో 1982లో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇంకో అడుగు ముందుకు వేశారు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరీయేనన్నారు. కడుపు కాలి ఒప్పుకున్న మనిషిది ఇష్టపూర్వకమైన ఒప్పుకోలు కాదని దాని తాత్పర్యం. పాలమూరు పిల్లలకు ఈ కేసు బట్టీ పట్టాల్సిన పని ఉందంటారా?

మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు 21వ ఆర్టికల్. కలుషితం కాని నీరు, గాలి కూడా జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లను చూసినవాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

సరే, పరీక్ష సంగతి. తెలిసినవాళ్లు ఈ ముక్క దాటేయండి. లాసెట్‌ను ఉన్నత విద్యామండలి తరఫున ఇటీవల ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహిస్తోంది. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. నెగెటివ్ మార్కులు లేవు. అంటే ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. ప్రశ్నకు 45 సెకన్లు పడుతుంది లెక్క. సగం మార్కులు లా భాగానివే కాబట్టి నేను ఇంతసేపు నోట్ల గురించి, కూలీల గురించి మాట్లాడింది ఊరికే కాదు.

ఇంకో మాట నాకు కోపం తెప్పిస్తుంది. "35 శాతం వస్తే చాలు, 42 మార్కులు, అరె ఈజీగా అయిపోద్ది." ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు, నిజమే. కానీ 42 వస్తే ర్యాంకు వస్తుంది, సీటు వేరే సంగతి. ఉస్మానియా క్యాంపస్‌లో, బషీర్‌బాగ్‌లో ప్రభుత్వ ఫీజుతో చదవాలంటే మంచి ర్యాంకే కావాలి. ఈ ఈజీ మాట నమ్మినవాళ్లే మధ్యలో చల్లబడిపోతారు. ఎందుకంటే, ఈజీ అనుకున్నది రాకపోతే మనిషికి తన మీదే నమ్మకం పోతుంది. కష్టమే అనుకుని మొదలుపెట్టండి, మనసు నిలకడగా ఉంటుంది.

పాత గైడ్ల జోలికి వెళ్లేముందు ముద్రణ సంవత్సరం చూడండి. సీనియర్ అన్న ప్రేమగా ఇచ్చిన పుస్తకమే అయినా సరే. 2024 జూలై 1 నుంచి, నేరాలకు శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసానికి 420 కాదు, 318. ఊళ్లో "వాడు ఫోర్ ట్వంటీ గాడు" అన్న తిట్టు మాత్రం ఇంకో వందేళ్లు ఉంటుంది, దాన్ని ఏ పార్లమెంటూ మార్చలేదు.

ఇక్కడ ఒక చిన్న పని చెప్తాను. నేను పేపర్ జిల్లా ఎడిషన్‌తో చేసిన పని ఇది, మీరూ చేయొచ్చు. చిట్యాల దగ్గర హైవే మీద లారీ గుద్ది ఒకాయన చనిపోయాడని వార్త ఉంటుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం, న్యాయ సంహిత 106. బైక్ మీద వచ్చి మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. పాత ఐపీసీలో దీనికి విడిగా సెక్షన్ లేదు, ఇప్పుడు 304 ఉంది, స్నాచింగ్. వార్త పక్కన పెన్నుతో నంబరు రాయండి, తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టి రాత్రి చూసుకోండి. బస్సులో కూర్చుని కూడా అయ్యే పని. డ్యూటీలో ఉన్నవాళ్లకు, వరినాట్లప్పుడు పొలంలో పని ఆగని వాళ్లకు నాలుగు గంటలు ఏకబిగిన కూర్చునే భాగ్యం ఎక్కడిది?

మాక్ టెస్టులో మార్కులు పడిపోయి చదువు ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు. "అన్నా, అంతా చదివిన, కానీ రాలే" అంటారు. చదవడమంటే ఏం చేశారని అడిగితే, అదే పేజీ మూడుసార్లు, నాలుగుసార్లు, పసుపు రంగు పెన్నుతో గీతలు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది. అంటే చదువుతున్నప్పుడు "వచ్చేసింది" అనిపించడం నమ్మదగ్గది కాదన్నమాట. పుస్తకం మూసి, ప్రాథమిక హక్కులు ఏ ఆర్టికల్ నుంచి ఏ ఆర్టికల్ దాకా అని తెల్ల కాగితం మీద రాయండి. సగం కూడా రాదు. ఆ రాకపోవడమే అసలు చదువు. మాక్‌లో తక్కువ వస్తే తెలియనివి ఏవో తెలిశాయని లెక్క, పరీక్ష పోయిందని కాదు.

ఇక చుట్టాలు. పెళ్లికి పోతే చాలు. "ఏం చదువుతున్నవ్ బిడ్డా? లానా? నల్లకోటు ఏసుకొని కోర్టు ముందు చెట్టుకింద కూసుంటవా?" దీనికి జవాబు చెప్పాలని ఆరాటపడొద్దు. చెప్పి తీరాలనుకుంటే ఇవి చెప్పండి. మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు మద్రాసులో బి.ఎల్. (లా డిగ్రీ) చదివినాయనే, తర్వాత 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. కల్వకుర్తి వైపు పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు వకీలే, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. చుట్టం నోరు మూస్తుందని గ్యారంటీ లేదు, మీకు మాత్రం అన్నం సహిస్తుంది.

కొన్ని భయాలకు మాత్రం లెక్క ప్రకారం జవాబు ఉంది. "వకీలుగా పేరు నమోదుకే వేలకు వేలు కావాలట" అని ఒక చెల్లె అన్నది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో తేల్చింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలైతే 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదు. ఇంకొందరు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో తీర్పు వచ్చాక డీలా పడ్డారు. నా మటుకు నాకు ఆ తీర్పు మన పిల్లలకు మేలే అనిపిస్తుంది. కోచింగ్‌కు లక్షలు పెట్టగలిగినవాళ్లతో పుస్తకంలో పోటీపడటం కష్టం. కోర్టులో మూడేళ్లు వాయిదాల మీద తిరిగి, కక్షిదారు ముఖం చూసి పని నేర్చుకునే చోట మన ఊరి పిల్లలు వెనకబడరు. ఇందులో వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి.

ఒకరోజు వీలు చేసుకుని మీ దగ్గర్లోని కోర్టుకు రండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా కూర్చుని చూడొచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక బెంచీ మీద కూర్చోండి. పేరు పిలవడం, వాయిదా వేయడం, సాక్షిని అడ్డదిడ్డంగా ప్రశ్నలడిగి లాయరే ఇరుక్కోవడం, అన్నీ చూస్తారు. సినిమాలో ఉన్నట్టు ఏమీ ఉండదు, అదీ మంచిదే.

వచ్చే వీడియోలో సీసాలో నత్త కేసు చెప్తాను, 1932 నాటిది, టార్ట్స్ మొత్తానికి అదే తలుపు. ఈలోగా మీకు ఒక ప్రశ్న. పనిమీద వేరే దేశంలో ఉన్న భర్త, ఆరోగ్యం బాగాలేక ఇంటి దగ్గరే ఉండిపోయిన భార్యకు నెలనెలా ముప్పై పౌండ్లు పంపిస్తానని మాటిచ్చాడు. ఇద్దరికీ అప్పుడు గొడవేం లేదు. తర్వాత చెడింది, పంపడం మానేశాడు. ఒప్పందం తప్పాడని ఆమె కోర్టుకు వెళ్లింది. 1919లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చిన కేసు ఇది, కాంట్రాక్ట్ చాప్టర్‌లో ఉంది. ఆమె గెలిచిందా, ఓడిందా? ఎందుకో ఒక్క వాక్యంలో కింద రాయండి. గైడ్ చూడకుండా.