వేలు వదిలే క్షణం: పునరుద్ధరించిన పైపు ఆర్గన్‌ను వినడం

వ్యాఖ్యాత: నమస్కారం. పునరుద్ధరించిన పాత పైపు ఆర్గన్లను నేర్పుగా వాయించడమంటే ఏమిటో ఈ భాగంలో మాట్లాడుకుందాం. ఆర్గన్ కచేరీకి వెళ్లినవారిలో చాలామంది గొట్టాల సంఖ్యనూ శబ్దపు గాంభీర్యాన్నీ మెచ్చుకుని వస్తారు గాని, వాయించినవారి పనితనం ఎక్కడుందో చెప్పమంటే తడబడతారు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అతిథి: ఆ తడబాటు సహజమేనండీ. పియానో మెట్టును గట్టిగా నొక్కితే స్వరం గట్టిగా పలుకుతుంది, మెల్లగా నొక్కితే మెల్లగా పలుకుతుంది. ఆర్గన్‌లో ఆ సౌకర్యం లేదు. మెట్టు నొక్కగానే గొట్టాల కింద ఉన్న పెట్టెలో ఒక చిన్న కవాటం తెరుచుకుని, తిత్తులు నిలకడైన ఒత్తిడితో పట్టి ఉంచిన గాలి గొట్టంలోకి వెళ్తుంది. వేలి బలం ఎంతైనా ఆ గొట్టం పలికే స్థాయి ఒక్కటే, పైగా వేలు తీసేదాకా స్వరం రవ్వంతైనా తగ్గదు. కాబట్టి ఒక స్వరం మరొకదాని కంటే ముఖ్యమని వినేవారికి తెలియజేయడానికి వాయించేవారి చేతిలో ప్రధానంగా మిగిలేది కాలం. ముఖ్యమైన స్వరానికి ముందున్న దాన్ని కాస్త తొందరగా వదిలేస్తే, ఆ మధ్య ఏర్పడే చిన్న ఖాళీ వల్ల తరువాతి స్వరం బరువుగా వినిపిస్తుంది. అందుకే నేను ఎవరి వాయిద్యం విన్నా మెట్టును ఎలా నొక్కారన్నది కాక ఎలా వదిలారన్నది గమనిస్తాను.

వ్యాఖ్యాత: శబ్దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ కాలితో నడిపే స్వెల్ పెడల్ ఉంటుంది కదా?

అతిథి: ఉంటుంది. కొన్ని వరుసల గొట్టాలను తెరిచి మూసే పలకలున్న గదిలో పెడతారు, పెడల్ ఆ పలకలను కదుపుతుంది. అయితే దానివల్ల లోపలున్న గొట్టాలన్నీ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. ఒక్క స్వరాన్ని విడిగా ఎత్తి చూపడం దానితో కుదరదు. ఆ పెడల్‌ను ఎడతెగకుండా ఊపేవారు కనిపిస్తే నాకు కొంచెం అనుమానం కలుగుతుంది.

వ్యాఖ్యాత: ఇక పునరుద్ధరణ సంగతి. పాత ఆర్గన్‌లో ముందుగా పాడయ్యేది ఏమిటి?

అతిథి: సాధారణంగా తోలు. తిత్తులకూ చిన్న చిన్న వాయు యంత్రాలకూ అంటించిన తోలు ఎండి పగిలితే గాలి కారుతుంది, అప్పుడు ఎక్కువ స్టాపులు, అంటే ఒక్కో వరుస గొట్టాలను పలికించడానికి బయటికి లాగే పిడులు, తీసి వాయించినప్పుడల్లా ఒత్తిడి పడిపోయి శ్రుతి వంగుతుంది. గొట్టాలు తగరం, సీసం కలిపిన లోహంతో చేసినవైతే, ఓక్ కర్రలోంచి వెలువడే ఆమ్లపు ఆవిరి ఆ సీసాన్ని తినేస్తుంది. ఇవన్నీ బాగుచేయవచ్చు. బాగుచేసేవారి మధ్య అసలు వాదం వేరే చోట ఉంది. శతాబ్దాల పాటు తరతరాలవారు మార్చుకుంటూ వచ్చిన వాద్యాన్ని ఏ సంవత్సరపు రూపానికి తీసుకువెళ్లాలి? పారిస్‌లోని సాన్ సుల్పీస్ చర్చిలో 1781లో క్లికో నిర్మించిన ఆర్గన్‌ను 1862లో మరో ఆర్గన్ నిర్మాత కవయే కొల్ పునర్నిర్మించారు, అయినా పాత గొట్టాలను చాలావరకు అలాగే ఉంచుకున్నారు. దాదాపు వంద స్టాపులు, ఐదు వరుసల మెట్లు ఉన్న ఆ వాద్యం ఈనాటికీ పెద్దగా మారలేదు. స్టాపుల కూర్పులను గుర్తుపెట్టుకునే ఆధునిక యంత్రం అక్కడ లేదు, అందువల్ల పెద్ద కృతి వాయించేటప్పుడు ఇరుపక్కలా సహాయకులు నిలబడి స్టాపులు లాగుతారు.

వ్యాఖ్యాత: అంటే వాయించేవారికి అది ఇబ్బందే కదా?

అతిథి: ఇబ్బందే, అయితే ఆ ఇబ్బందిలోనే నేర్పు బయటపడుతుంది. అనేక వరుసల మెట్లను కలిపి వాయిస్తే పాత యంత్రంలో మెట్టు చాలా బరువెక్కుతుంది. ఆ బరువును గాలి సాయంతో తగ్గించే బార్కర్ లీవర్‌ను కవయే కొల్ 1841లో పారిస్ దగ్గరి సాన్ డెనీ చర్చి ఆర్గన్‌లో వాడారు. అది బరువును తగ్గిస్తుంది గాని, వేలికీ స్వరానికీ మధ్య ఒక చిన్న జాప్యాన్ని పెడుతుంది. ఇక పెద్ద చర్చిలో స్వరం ఆగిన తరువాత కూడా ప్రతిధ్వని కొన్ని సెకన్ల పాటు నిలిచి ఉంటుంది. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకుని, తన చెవికి కాక కింద కూర్చున్నవారి చెవికి స్పష్టంగా ఉండేలా వేగాన్ని నిర్ణయించుకోవడం సామాన్యమైన పని కాదు. ఇందుకు నాకు తోచే ఉత్తమమైన సాక్ష్యం స్వరకర్త విడోర్ రికార్డింగు. 1870 నుంచి 1933 వరకు సాన్ సుల్పీస్‌లో ఆర్గనిస్టుగా ఉన్న ఆయన, తన ఐదో ఆర్గన్ సింఫనీలోని ప్రసిద్ధమైన టొకాటాను, అంటే చిన్న చిన్న స్వరాలు వేగంగా పరుగెత్తే భాగాన్ని, 1932లో, 88 ఏళ్ల వయసులో, అదే వాద్యంపై రికార్డు చేశారు. నేడు చాలామంది వాయించే వేగం కంటే అది స్పష్టంగా నెమ్మది. వయసు వల్ల నెమ్మదించారని కొందరు అంటారు; నేను ఒప్పుకోను. ఆ గదిలో చిన్న చిన్న స్వరాలు విడివిడిగా వినబడాలంటే మధ్యలో చోటు ఉండాలి, ఆయన ఆ చోటు ఇచ్చారు.

వ్యాఖ్యాత: పారిస్‌లోనే ఉన్న నోత్ర్ దామ్ చర్చి ఆర్గన్ గురించి కూడా చెప్పాలి.

అతిథి: తప్పకుండా. 2019 ఏప్రిల్ అగ్నిప్రమాదంలో అది కాలిపోలేదు. అయితే కప్పు మీది సీసం కరిగి దుమ్ముగా లోపలికి చేరడంతో, దాదాపు ఎనిమిది వేల గొట్టాలున్న ఆ వాద్యాన్ని 2020లో విప్పి శుభ్రం చేయవలసి వచ్చింది. తిరిగి బిగించాక ఒక్కో గొట్టం పలుకును సరిచేస్తూ నెలల తరబడి పనిచేశారు, పగటి పూట నిర్మాణపు శబ్దాలుండేవి గనుక ఆ పని రాత్రిళ్లు చేశారు. 2024 డిసెంబరు 7న చర్చి తిరిగి తెరిచినప్పుడు ఆర్చిబిషప్ వాద్యాన్ని పలకమని పిలవగా, ఆర్గనిస్టులు మనోధర్మంతో సమాధానాలు అల్లారు. అక్కడ మెట్టుకూ గొట్టానికీ మధ్య విద్యుత్ సంకేతాలుంటాయి, సాన్ సుల్పీస్‌లో ఉన్న బరువు అక్కడ ఉండదు. కానీ అందులో ఒక చిక్కుంది: చేతికి ఏ అడ్డూ తగలనప్పుడు వాయించేవారు చెవిని మరింత గట్టిగా నమ్ముకోవాలి.

వ్యాఖ్యాత: స్టాపుల ఎంపికలో నేర్పును ఎలా గుర్తుపడతారు?

అతిథి: ఎన్ని తీశారని కాదు, ఎన్ని తీయకుండా ఉంచారని చూస్తాను. పాత ఆర్గన్‌లో ఒక్కో స్టాపుకూ తనదైన గొంతు ఉంటుంది, ఒక్క ఫ్లూట్ స్టాపును ఒంటరిగా వినిపించడానికి ధైర్యం కావాలి. మరో విషయం కూడా ఉంది: గది వేడెక్కితే మామూలు గొట్టాల శ్రుతి పెరుగుతుంది, నాలుకలున్న రీడు గొట్టాల శ్రుతి మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది, దాంతో రెండూ ఒకదానితో ఒకటి కలవవు. వేసవి సాయంత్రం కచేరీలో అనుభవజ్ఞులు రీడు గొట్టాలతో పలికే ట్రంపెట్ స్టాపును ముందుగా అనుకున్నచోట తీయకుండా ఊరుకుంటే, శ్రోతలకు ఆ సంగతి తెలియనే తెలియదు.

వ్యాఖ్యాత: ఇంట్లో రికార్డింగు ద్వారా వినేవారికి ఇదంతా అందుతుందా?

అతిథి: స్వరాలను వదలడంలోని నేర్పు చాలావరకు అందుతుంది. అందనిది అట్టడుగు స్వరాలు. 32 అడుగుల గొట్టం తన కింది స్వరాన్ని సెకనుకు సుమారు 16 కంపనాలతో పలుకుతుంది. అంత తక్కువ కంపనాన్ని చెవి స్వరంగా పట్టుకోవడం కష్టం, కూర్చున్న బల్ల ద్వారా ఒంటికి తెలుస్తుంది. ఇంటి స్పీకర్లలో చాలావాటికి అది చేతకాదు. అందుకే రికార్డింగు విని, కాళ్లతో వాయించే పెడల్ మెట్ల స్వరాలు పలచగా ఉన్నాయని వాయించినవారిని తప్పుపట్టకండి. వీలైతే అదే కృతిని మెట్టు నేరుగా కవాటాన్ని కదిపే ఒక మెకానికల్ ఆర్గన్ మీదా మెట్టుకూ గొట్టానికీ మధ్య విద్యుత్ సంకేతాలుండే ఒక ఆర్గన్ మీదా వాయించిన రెండు రికార్డింగులను వెంటవెంటనే వినండి, ప్రతి స్వరవాక్యం చివర వేలు ఎప్పుడు లేచిందో మాత్రమే గమనించండి.

వ్యాఖ్యాత: విన్న తరువాత మీకు అనిపించినది మాకు రాయండి. ధన్యవాదాలు.