కానుగ చిగురుతో మొదలుపెడదాం

(అనంతపురంలో అంగన్‌వాడీ, ప్రీస్కూల్ టీచర్ల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రాయదుర్గం, కళ్యాణదుర్గం, తాడిపత్రి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన టీచర్లకు, ఆయమ్మలకు ముందుగా కృతజ్ఞతలు.

ఈ రోజు మాట్లాడుకునేది వసంతకాలంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో చేయించే చేతిపనుల గురించి. మార్చి నెలలో మన సెంటర్ల గోడలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తులిప్ పూలు, గుడ్ల బుట్ట పట్టుకున్న కుందేలు. ఫోన్‌లో చూసి, ప్రింట్ తీయించి, టీచరమ్మ రాత్రి కూర్చుని కత్తిరిస్తుంది. పిల్లవాడు ఒక చుక్క జిగురు పెడతాడు. చార్ట్ చాలా బాగుంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. కానీ ఆ పువ్వును ఆ పిల్లవాడు ఎప్పుడూ చూడలేదు, ఆ పనిలో వాడి చెయ్యి కూడా లేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల మనది. మార్చి వచ్చేసరికి చేలన్నీ ఎండి ఉంటాయి కాబట్టి ఇక్కడ వసంతం ఏముందిలే అనిపిస్తుంది. రోడ్డు పక్కన కానుగ చెట్టు చూడండి. ఆకంతా రాల్చేసి, కొద్ది రోజుల్లోనే నూనె పూసినట్టు మెరిసే లేత చిగురు వేస్తుంది. వేప పూస్తుంది. మామిడి పిందెలు దిగుతాయి. నల్లమల అంచు ఊళ్లలో మోదుగ ఎర్రగా విరగబూస్తుంది. ఇంటింటా చింతపండు కొట్టే కాలం కూడా ఇదే, గింజలకు కొదవ ఉండదు. శెనక్కాయ పొట్టు సంగతి ఈ జిల్లాలో చెప్పక్కర్లేదు. రూపాయి ఖర్చు లేని సామాను ఇదంతా.

మొదటి పని కాగితంతో కాదు, నడకతో. సెంటర్ తెరవగానే, ఎండ ముదరకముందే, పిల్లలను దగ్గర్లోని చెట్టు కిందికి తీసుకెళ్లండి. ఒకటే నియమం: కింద రాలినవే ఏరాలి, కొమ్మను తెంపకూడదు. చిగురు కావాలంటే మీరే రెండు ఆకులు కోసి ఇవ్వండి. తిరిగొచ్చాక అన్నీ చాప మీద పోయించండి. కానుగ ఆకుల్లో లేతది, ముదురుది, పండినది, ఎండినది ఉంటాయి. వాటిని వరసగా పేర్చమనండి. ఏది ముందు, ఏది తర్వాత అని పిల్లలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి. రంగుల తేడా చూడటం, క్రమం పట్టుకోవడం, "దీనికంటే ఇది లేతది" అని నోటితో చెప్పడం అన్నీ ఆ చాప మీదే జరుగుతాయి. జిగురు చుక్క అక్కర్లేదు. నా దృష్టిలో ఈ కాలానికి ఇంతకంటే మంచి పని లేదు. ఒక వారమంతా ఇదే చేసినా తప్పు లేదు.

ఆకు అచ్చులకు మాత్రం రావి ఆకు తీసుకోండి, దాని ఈనెలు బాగా తేలి ఉంటాయి. ఈనెల వైపు పైకి పెట్టి, మీద పల్చటి కాగితం పరిచి, క్రేయాన్‌కు చుట్టిన కాగితం తీసేసి, దాన్ని పడుకోబెట్టి రుద్దించాలి. నిలబెట్టి రుద్దితే కాగితం చిరుగుతుంది. మూడేళ్ల పిల్లల చేతి కింద కాగితం జరిగిపోతుంది కాబట్టి నాలుగు మూలలా టేపు వేయండి.

ఇక రంగులు. ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే పిల్లల కళ్లు నిజంగా పెద్దవయ్యేది ఇక్కడే. పసుపు నీళ్లలో కలిపి తెల్ల కాగితం మీద పూయించి ఆరబెట్టండి. గ్లాసు నీళ్లలో చెంచా వంట సోడా కలపండి. పుల్లకు దూది చుట్టి, ఆ నీళ్లలో ముంచి, పసుపు కాగితం మీద గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రగా మారుతుంది. దాని మీద నిమ్మరసం పెడితే మళ్లీ పసుపు రంగుకు వచ్చేస్తుంది. ఇంట్లో పారాణి కలిపేటప్పుడు జరిగేది కూడా ఇదే. అక్కడ వాడేది సున్నం. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, అందుకే సెంటర్లో వంట సోడాయే వాడాలి. ఎర్ర మందార రేకను కాగితం మీద రుద్దితే ఊదారంగు మరక పడుతుంది, దానికి నిమ్మరసం తగిలితే గులాబీ రంగు వస్తుంది. మోదుగ పూలు దొరికేవాళ్లు రాత్రి నానబెట్టండి, పొద్దునకి నారింజ రంగు నీళ్లు సిద్ధం. "ఎందుకు మారింది టీచర్?" అని అడిగితే వెంటనే పాఠం చెప్పకండి. "ఇంకెక్కడ పెట్టి చూద్దాం?" అని మీరే అడగండి.

జిగురు కొనాల్సిన పని లేదు. గ్లాసు మైదాకు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి, సన్నమంట మీద ఉండలు కట్టకుండా కలుపుతూ ఉడికిస్తే చాలు. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల దగ్గరికి రానివ్వకూడదు.

ఉగాదికి తోరణం అందరం కడతాం. మూడేళ్ల పిల్లకు సూదీ దారం ఇవ్వలేం. మామిడాకును దారం మీదుగా మడిచి పట్టుకోవడం ఆ పిల్ల పని, పుల్ల గుచ్చడం మీ పని. నాలుగేళ్లు దాటినవాళ్లకు అట్టముక్కలకు కన్నాలు వేసిచ్చి, బూట్ల లేసుతో గుచ్చమనండి. లేసు కొస గట్టిగా ఉంటుంది కాబట్టి వాళ్లకు పట్టు దొరుకుతుంది. వేప పూతకు పాత పేపరు చించి ఉండలు చుట్టించండి. కాగితం చించడం చిన్న పని అనుకోవద్దు. రెండు చేతులూ ఎదురుబొదురుగా కదలాలి, బొటనవేలు, చూపుడువేలు గట్టిగా పట్టాలి. పలక మీద అక్షరం దిద్దడానికి కావాల్సిన బలం అక్కడే వస్తుంది. "మా పాప రోజంతా కాగితాలు చించుతోందా?" అని తల్లి అడిగితే ధైర్యంగా ఈ మాటే చెప్పండి.

మన దగ్గరే ఉన్న రెండు గొప్ప విద్యలను పిల్లల స్థాయికి దించుకోవచ్చు. ధర్మవరం చుట్టుపక్కల సెంటర్లలో చాలామంది మగ్గం చప్పుడు మధ్య పెరిగే పిల్లలే. ఐదేళ్లవాళ్లకు ఒక రంగు కాగితాన్ని పడుగులా చీల్చి ఇచ్చి, ఇంకో రంగు పట్టీలను పేకగా ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి దూర్చమనండి. చిగురాకు పచ్చ, వేప పూత తెలుపు కలిపితే చూడముచ్చటగా ఉంటుంది. జర్మనీలో 1837లో పిల్లల కోసం బడి మొదలుపెట్టిన ఫ్రోబెల్ కూడా తర్వాత ఈ కాగితపు నేతను తన పద్ధతిలో పెట్టుకున్నాడు.

రెండోది తోలుబొమ్మ. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, మనందరికీ సొంత ఊరి లెక్కే. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు తోలును వెలుతురు సాగేలా పల్చగా చేసి, రంగులద్ది, నగల చోట కన్నాలు పొడుస్తారు. ఆ కన్నాల్లోంచి వెలుగు కారుతుంది. మనం తెల్ల కాగితం మీద కోయిలనో చిలుకనో గీయించి, రంగులు వేయించి, వెనక దూదితో కొంచెం నూనె రాస్తే అందులోంచి వెలుతురు కనిపిస్తుంది. రెక్కను విడిగా కత్తిరించి దారంతో కట్టి, దానికో పుల్ల తగిలించండి, పుల్ల కదిపితే ఎగురుతుంది. పాత తెల్ల పంచె, వెనక ఒక టార్చిలైటు ఉంటే ఆట సిద్ధం. నోరు విప్పని పిల్లలు కూడా తెర వెనక నిలబడితే మాట్లాడతారు.

ఇప్పుడు చెప్పేది దయచేసి రాసుకోండి. ఏరడానికి వెళ్లే ముందు ఆ చోటు మీరు ఒకసారి చూసి రావాలి. గురివింద గింజలు ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దొస్తాయి, కానీ కొరికి మింగితే ప్రాణాంతకం. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు, గన్నేరులో ఏ భాగమైనా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. వయ్యారిభామ కలుపు ఉన్నచోట పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, ఒళ్లు దద్దుర్లు వస్తాయి. చింతగింజలు, శెనక్కాయ గింజలు ముక్కులో పెట్టుకుంటారు, మింగబోయి గొంతుకు అడ్డం పడతాయి. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో వెంట వచ్చే సెంటర్లలో గింజల పనులు అసలు పెట్టుకోకండి. మిగతాచోట్ల ఇచ్చేముందు లెక్కపెట్టండి, అయ్యాక మళ్లీ లెక్కపెట్టండి.

చివరిగా మీ చేతుల గురించి. పిల్లవాడు పువ్వుకు రెండు రేకలు పెట్టి లేచిపోతే, మూడోది మీరు అంటించకండి. కాకి నీలంగా ఉంటే ఉండనివ్వండి. "ఇదేంటిది?" అని అడిగితే వాడికి తప్పు చేశానేమో అని టెన్షన్ వస్తుంది. "దీని గురించి చెప్పు నాన్నా" అనండి. చెప్పిన మాటను కింద రాసి, పేరు పెట్టి, వాడి కళ్లకు అందే ఎత్తులో కట్టండి. గోడ పైన కడితే మనకే కనపడుతుంది. ఒకే రకంగా ఇరవై పువ్వులు ఉన్న గోడ కంటే, ఒకదానికొకటి పోలిక లేని ఇరవై పువ్వులు ఉన్న గోడ మంచి సెంటర్ లక్షణం అని తనిఖీకి వచ్చేవాళ్లకు నేనే చెబుతాను, మీరూ చెప్పండి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) 1975లో మొదలైన నాటి నుంచి పిల్లలకు చదువుకు ముందు చదువు చెప్పడం మన పనుల్లో ఒకటి. గుడ్లు, పాలు, బరువుల రిజిస్టర్ల మధ్య అది వెనకబడుతోందని నాకు తెలుసు. రోజుకు అరగంట దానికి వదలండి, ఆ అరగంటలో రిజిస్టర్ తెరవకండి.

బల్లల మీద పసుపు కాగితాలు, సోడా నీళ్లు, నిమ్మకాయలు పెట్టించాను. పిల్లలకు చేయించేముందు మనం చేసి చూద్దాం. నలుగురేసి కూర్చోండి. ఆయమ్మలూ, మీరు వెనక నిలబడొద్దు, ముందుకు రండి.