పికప్ వెనక చక్రాలు తిన్నగా ఉన్నాయా? దారం, టేపుతో మీరే చూసుకోండి

[ఖాళీ పికప్ తిన్నటి రోడ్డు మీద పోతుంటే వెనక నుంచి తీసిన షాట్]

అన్నా, ఈ బండిని కాస్త గమనించండి. రోడ్డు తిన్నగా ఉంది, బండీ తిన్నగానే పోతోంది, కానీ ముందు చక్రాల వెనకే రావాల్సిన వెనక చక్రాలు కొంచెం కుడికి జరిగి వస్తున్నాయి. లోపల డ్రైవర్ స్టీరింగ్‌ని కుడికి పట్టుకుని ఉంటేనే బండి నేరుగా పోతుంది. ముందు చక్రాలకి అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదంటే వెనక చూడాల్సిందే.

మదనపల్లె నుంచి చింతామణి, హొసకోట మీదుగా బెంగళూరు కలాసిపాళ్యం మార్కెట్‌కి టమాటా తోలే మనవాళ్లు చాలామంది "వెనకేముందన్నా, అక్కడ అడ్జస్ట్‌మెంటే లేదు కదా" అంటారు. నిజమే, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద కూర్చున్న హౌసింగ్‌కి, అంటే వెనక ఇరుసు గొట్టానికి, కొన్ని కార్లలో లాగా తిప్పి సరిచేసే బోల్టు ఉండదు. అడ్జస్ట్‌మెంట్ లేదు కాబట్టి తేడా రాదనుకోవడం మాత్రం తప్పు. తేడా వస్తుంది, అది ఎక్కడ వచ్చిందో వెతికి ఆ సామానే మార్చాలి.

[కె.ఆర్.పురంలో షెడ్డు. సిమెంటు నేల, ఖాళీ బండి]

మొదలుపెట్టే ముందు లోడు దించేయండి, ఎడమ కుడి టైర్లలో గాలి సమానంగా పెట్టండి, బండిని చదును నేల మీద కొంచెం ముందుకు తోసి స్టీరింగ్ తిన్నగా ఉంచి ఆపండి. చక్రాలకి అడ్డం పెట్టండి. జాకీ వద్దు, బరువు చక్రాల మీదే ఉండాలి.

ఇప్పుడు దారం. వెనక ఒక స్టాండుకి, ముందు ఒక స్టాండుకి బిగువుగా కట్టి, వెనక టైరు పక్కన రెండు అంచులకీ తాకీ తాకనట్టు జరపాలి. టైరు నేలకి ఆనే చోట ఉబ్బి ఉంటుంది, అక్కడ తగలనివ్వకండి, అందుకు కాస్త పైనే పట్టండి. తమ్ముడూ, ఆ చివర కొంచెం లోపలికి... ఆ, చాలు. దారం ముందు టైరుకి తగులుతుంటే వెనక టైరు రెండు అంచుల దగ్గరా ఒకే మందం చెక్క ముక్కలు పెట్టి దారాన్ని బయటికి తీసుకోండి, ఆ ముక్కలే రెండో వైపు కూడా వాడాలి.

[ముందు చక్రం దగ్గర టేపు, క్లోజప్]

ముందు హబ్ మధ్య నుంచి దారం దాకా కొలవండి. రెండు వైపులా కొలత ఒకటే వస్తే వెనక ఇరుసు తిన్నగా ఉన్నట్టు. కుడి వైపు దూరం ఎక్కువ, ఎడమ వైపు తక్కువ వచ్చిందంటే దారం కుడికి వాలిందన్నమాట, అంటే కుడి వెనక చక్రం వెనక్కో లేదా ఎడమది ముందుకో జరిగింది. ఈ పద్ధతి నాకు ఇష్టం ఎందుకంటే చిన్న తేడాని కూడా పెద్దది చేసి చూపిస్తుంది: వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3 మీటర్లు, రెండు వెనక చక్రాల మధ్య 1.35 మీటర్లు అనుకోండి, ఒక చక్రం 5 మిల్లీమీటర్లు వెనక్కి పోతే ముందు దగ్గర దారం సుమారు 11 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది, ఒక వైపు 11 పెరిగి ఇంకో వైపు 11 తగ్గితే రెండింటి మధ్య 22 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అది కంటికే కనిపిస్తుంది.

[బండి కింద, టార్చ్ వెలుగు]

తేడా ఉందని తేలితే కిందికి దిగండి. కమాన్ కట్ట ముందు చివర పిన్ కదలకుండా ఉంటుంది, వెనక చివర షేకిల్ అనే ఊగే లింకు మీద ఊగుతుంది, అందుకని ఇరుసు ఎక్కడుండాలో నిర్ణయించేది ముందు పిన్నే. ఆ పిన్ మధ్య నుంచి హౌసింగ్ మధ్య దాకా రెండు వైపులా కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్లు టేపు పట్టడంలోనే అటూ ఇటూ అవుతాయి, దానికి టెన్షన్ పడకండి. అంతకంటే ఎక్కువుంటే మొదట అనుమానించాల్సింది కమాన్లని హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులనే. అవి వదులైతే కమాన్లు హౌసింగ్ మీద జారతాయి, ఆ ఒత్తిడంతా కమాన్ పట్టీల మధ్యలో దూర్చిన సెంటర్ బోల్ట్ మీద పడి చివరికి అది తెగుతుంది. ఇదిగో, ఇక్కడ చూడండి, కమాన్ కూర్చునే చోట ఇనుము రాసుకుని మెరుస్తోంది, చుట్టూ ఎర్రగా తుప్పు పొడి. ఇది జారుతున్న కమాన్. ఇలాంటి బండికి లోడు వేయకండి, బోల్టులు మార్చే దాకా రోడ్డెక్కించకండి.

యూ బోల్టులు బాగుంటే ముందు పిన్ చుట్టూ ఉండే బుష్ అరిగిందేమో బార్ పెట్టి కదిపి చూడండి. కిందనుంచి కొలతలు సమానంగా వచ్చి దారం మాత్రం తేడా చూపిస్తుంటే హౌసింగ్ వంగిందేమో, చాసీకి దెబ్బ తగిలిందేమో చూపించాలి. హౌసింగ్ వంగితే టైరు మీద చెయ్యి అడ్డంగా, లోపలికీ బయటికీ రాస్తే తెలుస్తుంది, ఒక వైపుకి రాస్తే నున్నగా, ఇంకో వైపుకి రాస్తే రంపం పళ్లలా తగులుతుంది. మెషీన్ ఉన్న షాపులో కూడా తేల్చుకోండి.

సామాను జేసీ రోడ్డులో దొరుకుతుంది. యూ బోల్టులు కొత్తవే వేయించండి, పాతవే మళ్లీ బిగించనివ్వకండి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక లెక్క ప్రకారం టార్క్ రెంచితో మళ్లీ బిగించమనండి, ఎందుకంటే కొత్త బోల్టులు కమాన్ల మీద సర్దుకుంటాయి.

వెనకది సరయ్యాకే ముందు అలైన్‌మెంట్ చేయించండి. షాపువాళ్లని నాలుగు చక్రాలకీ సెన్సర్లు పెట్టి చూడమని, ప్రింట్ ఇవ్వమని అడగండి. అందులో థ్రస్ట్ యాంగిల్ అని ఒక లైను ఉంటుంది, వెనక ఇరుసు బండి మధ్య గీత నుంచి ఎంత పక్కకి చూస్తోందో చెప్పే కొలత అది, అది సున్నాకి దగ్గరగా ఉందో లేదో చూసుకుని అప్పుడు డబ్బులివ్వండి.