కొత్త మోడల్ వస్తోందట: ఉన్న స్పోర్ట్స్ కారు కొనెయ్యాలా, ఆగాలా?

నమస్తే అండీ. మీరు ఎప్పటినుంచో కొందామనుకుంటున్న స్పోర్ట్స్ కారుకి కొత్త మోడల్ వస్తోందని వార్త. షోరూమ్‌లో ఉన్నదాని మీద డిస్కౌంట్ మొదలైంది. ఇప్పుడు కొనెయ్యాలా, ఆగాలా? ఈ వీడియో మొత్తం దాని గురించే.

చాలామంది ఇక్కడ రెండు బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుంటారు. హార్స్‌పవర్ ఎంత, స్క్రీన్ ఎంత, టైర్ సైజెంత అని చూస్తారు. కానీ మీకు నిజంగా దొరికే కార్లు వేరు. ఒకటి, పాత మోడల్‌లో ఆఖరి ఏడాది కారు. రెండోది, కొత్త మోడల్‌లో మొదటి ఏడాది కారు. ఆఖరి ఏడాది కారు అంటే ఐదారేళ్ళ పాటు వేలమంది నడిపి, లోపాలు బయటపడి, కంపెనీ వాటిని సరిచేసుకుంటూ వచ్చాక తయారైనది. మొదటి ఏడాది కారుకి ఆ సవరణలు ఇంకా మొదలే కాలేదు. పోల్చాల్సింది ఈ రెండింటినీ.

ఉదాహరణకి పోర్షా 911 జీటీ3 చూడండి. 997 తరం జీటీ3లో ఉన్నది ఏళ్ళ తరబడి రేసుల్లో నలిగిన ఇంజన్, అభిమానులు మెజ్గర్ ఇంజన్ అంటారు. 991 తరానికి ఇంజన్ కొత్తగా చేశారు. డెలివరీలు మొదలైన కొద్దికాలానికే, 2014లో, రెండు కార్లు కాలిపోయాయి. పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ స్క్రూ వదులై, రాడ్ ఇంజన్ కింది పెట్టెని, అంటే క్రాంక్‌కేస్‌ని, పగలగొట్టింది, బయటికొచ్చిన ఆయిల్ అంటుకుంది. పోర్షా 785 కార్లకి ఇంజన్లే మార్చింది. యజమానులకి కొత్త ఇంజన్ ఉచితంగానే వచ్చింది, కానీ అప్పటిదాకా కారు నడపకూడదు.

అంత పెద్ద ప్రమాదం అరుదే. మామూలుగా వచ్చే మొదటి ఏడాది సమస్యలు చిన్నవి, కానీ విసిగిస్తాయి. 2015 కార్వెట్ జడ్06 ట్రాక్ మీద వేడెక్కి పవర్ తగ్గించుకునేది. 2017 కారుకి బానెట్ మీద పెద్ద వెంట్లు, ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్‌కి కొత్త మూత వచ్చాయి. 2012లో వచ్చిన టొయోటా జీటీ86, సుబారు బీఆర్‌జడ్ జంట కార్ల తొలి బ్యాచ్‌లకి వాల్వ్ స్ప్రింగ్‌లు విరిగే అవకాశం ఉందని 2018లో రీకాల్ చేశారు, అంటే కార్లని సరిచేయడానికి వెనక్కి పిలిచారు. ఆ స్ప్రింగ్‌లు మార్చాలంటే సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే ఆ బాక్సర్ ఇంజన్‌ని చాలా భాగం విప్పాలి, అంటే రీకాల్ పని కూడా జాగ్రత్తగా చేయించుకోవాల్సిందే. నాలుగో తరం మాజ్దా ఎంఎక్స్-5లో తొలి కార్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌లు కొన్ని పాడయ్యాయి, తర్వాత లోపలి భాగాలు మార్చుతూ వచ్చారు.

ఇంకో సంగతి. మొదటి ఏడాది కారులో లోపం లేకపోయినా, రెండో మూడో ఏడాది కారు దానికంటే మంచిదై కూర్చుంటుంది. టొయోటా సుప్రా అమెరికాలో 2020 మోడల్‌గా 335 హార్స్‌పవర్‌తో వచ్చింది. మరుసటి ఏడాదికే అదే 3 లీటర్ ఇంజన్ 382కి ఎక్కింది. సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పాత కారుకీ వస్తుందిలే అనుకోకండి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, పిస్టన్లు కూడా మారాయి. మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే 2023 మోడల్‌కి గానీ రాలేదు. మాజ్దాదీ అదే వరస: 2019 మోడల్‌కి 2 లీటర్ ఇంజన్ 155 నుంచి 181 హార్స్‌పవర్‌కి, రెడ్‌లైన్, అంటే ఇంజన్ నిమిషానికి తిరగగల గరిష్ఠ చుట్లు, 6,800 నుంచి 7,500కి పెరిగాయి, స్టీరింగ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే సౌకర్యం కూడా అప్పుడే వచ్చింది. కాబట్టి ఆగాలని నిర్ణయించుకుంటే, లాంచ్ రోజు దాకా కాదు, రెండో మోడల్ ఇయర్ దాకా ఆగండి. అంత ఓపిక లేకపోతే, ఆగడం వల్ల మీకు వచ్చే లాభం చాలా తగ్గిపోతుంది.

సరే, అసలు కొత్తదాంట్లో ఏం మారుతోంది? ఇక్కడ కాసేపు నిలబడదాం, ఎందుకంటే నిర్ణయం చాలావరకు తేలేది ఇక్కడే. మార్పులన్నీ రాసుకుని ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది పాత కారుకి తర్వాత పెట్టించుకోగలనా? స్క్రీన్, ఫోన్ కనెక్షన్, బ్రేక్ ప్యాడ్‌లు, టైర్లు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), సీట్లు, ఇవన్నీ తర్వాత మార్చుకోవచ్చు. వీటి కోసం ఏడాదిన్నర ఆగక్కర్లేదు. ఇంజన్ రకం, గేర్‌బాక్స్ రకం, బరువు, స్టీరింగ్ హైడ్రాలికా ఎలక్ట్రికా, కూర్చునే ఎత్తు, ఇవి మారవు. ఇక్కడ ఏ కారు గెలిస్తే ఆ కారే మీది.

పాత కారు గెలిచే సందర్భాలు స్పోర్ట్స్ కార్లలో మిగతా కార్ల కంటే ఎక్కువ. 2016లో పోర్షా కేమన్, బాక్‌స్టర్‌లు 718 పేరుతో మారినప్పుడు ఆరు సిలిండర్ల ఇంజన్ పోయి నాలుగు సిలిండర్ల టర్బో వచ్చింది. వేగం పెరిగింది, టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, పెరిగింది, కానీ ఆ కారు కొనేవాళ్ళు వెతికే శబ్దం పోయింది. ఆరు సిలిండర్లు జీటీఎస్ 4.0 రూపంలో తిరిగొచ్చేసరికి 2020. కార్వెట్ 2020లో ఇంజన్‌ని సీట్ల వెనక్కి మార్చుకుంది, దాంతోపాటు మాన్యువల్ గేర్‌బాక్స్ పోయింది. క్లచ్ తొక్కి నడపడమే మీకు ఆనందమైతే 2019 కారు వదులుకుని ఎంత ఆగినా ప్రయోజనం లేదు. బీఎండబ్ల్యూ ఎం2 కాంపిటీషన్ సుమారు 1,550 కిలోలు, తర్వాతి తరం 1,700. కొత్తదానికి 50 హార్స్‌పవర్ ఎక్కువే, కానీ ఆ 150 కిలోలు ప్రతి మలుపులో, ప్రతి బ్రేకింగ్‌లో మీతోనే ఉంటాయి. టైర్లు, ప్యాడ్‌లు కూడా అంతే త్వరగా అరుగుతాయి. నా దృష్టిలో స్పోర్ట్స్ కారుకి బరువు మిగతా అన్ని అంకెల కంటే ముఖ్యం, బ్రోచర్‌లో మొదట చూడాల్సింది అదే.

కొత్తది నిస్సందేహంగా గెలిచిన ఉదాహరణ కూడా చెప్పాలి. టొయోటా జీటీ86లో 2 లీటర్ ఇంజన్ టార్క్ 205 న్యూటన్ మీటర్లు, అదీ 6,400 ఆర్‌పీఎం దాటాక. మధ్యలో, 4,000 చుట్టుపక్కల, టార్క్ గుంటలో పడ్డట్టు తగ్గేది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు సరిగ్గా అక్కడే కావాలి. దాని తర్వాతి తరం జీఆర్86 2.4 లీటర్ ఇంజన్‌తో 250 న్యూటన్ మీటర్లు, 3,700 దగ్గరే ఇచ్చింది, బరువు దాదాపు పెరగకుండా. ఉన్న లోపాన్నే సరిగ్గా పట్టుకుని దిద్దిన మార్పు ఇది. ఇలాంటిదైతే ఆగడం న్యాయం. అయితే జీఆర్86 తొలి కార్లలోనూ ఒక జాగ్రత్త ఉంది: ఇంజన్ అతికించేటప్పుడు ఎక్కువైన సీలెంట్ (జిగురు) ముక్కలు ఆయిల్ పికప్ జల్లెడలో చిక్కుకున్నట్టు యజమానులు గుర్తించారు. ట్రాక్‌కి తీసుకెళ్ళేవాళ్ళు ఆయిల్ పాన్ విప్పించి చూసుకోవడం మంచిది.

పేరు కొత్తదైనా కారు ఎంత కొత్తదో కూడా చూడాలి. 2022లో వచ్చిన నిస్సాన్ జడ్ చూడ్డానికి పూర్తిగా వేరు, కానీ కింద ఉన్నది దాని ముందు మోడల్ 370జడ్ ప్లాట్‌ఫామే, అంటే అదే అడుగు నిర్మాణమే, మెరుగులు దిద్ది. దాని 3 లీటర్ ట్విన్ టర్బో ఇంజన్ కూడా 2016 నుంచి ఇన్ఫినిటీ కార్లలో తిరిగినదే. అలాంటప్పుడు మొదటి ఏడాది భయం సగం తగ్గుతుంది. ఇంజన్ కోడ్, ప్లాట్‌ఫామ్ కోడ్ ఈ రెండూ వెతికి చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండూ కొత్తవైతే రెండో ఏడాది నియమం గట్టిగా పాటించండి. రెండూ పాతవైతే మొదటి ఏడాదే కొన్నా ఫరవాలేదు, ఎలక్ట్రానిక్స్ మీద మాత్రం కన్నేసి ఉంచండి.

అసలు కొత్తది వస్తుందన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. యూరప్‌లో 2024 జూలై నుంచి కార్ల సైబర్ భద్రత, డ్రైవర్ సహాయ వ్యవస్థల నిబంధనలు కొత్తగా అమ్మే కార్లన్నిటికీ వర్తించాయి. పెట్రోల్ 718లు దాదాపు అన్నీ అక్కడ అమ్మకం ఆగిపోయాయి. జీఆర్86 రెండేళ్ళే అమ్మి ఆపేశారు. ఆగుదాం అనుకున్నవాళ్ళకి చివరికి వాడిన కార్లే మిగిలాయి. మీ దేశంలో ఉద్గారాల, భద్రతా నిబంధనల గడువులు ఎప్పుడున్నాయో చూసుకుని ఆ తర్వాతే ఓపిక పట్టండి.

ఎంతకాలం ఆగాలో అంచనా వేయాలంటే, కంపెనీ కొత్త మోడల్‌ని రోడ్డు మీద పరీక్షిస్తున్నప్పుడు తీసిన ఫొటోలు పనికొస్తాయి. పాత కారు బాడీకే చక్రాల దగ్గర వెడల్పు ముక్కలు అతికించి తిప్పుతుంటే అది ఇంకా చాలా దూరం. బాడీ అసలుదై, ఆకారం దాచే స్టిక్కర్ల కింద నుంచి అసలు లైట్లు, అసలు ఎగ్జాస్ట్ కనిపిస్తుంటే దగ్గరపడ్డట్టే. ఆవిష్కరణకీ, మీ ఇంటికి తాళాలు రావడానికీ మధ్య కూడా నెలలు పడుతుంది. మొదటి కేటాయింపులు తరచుగా ఖరీదైన లాంచ్ ఎడిషన్లకే వెళ్తాయి, మీకు అక్కర్లేని ఆప్షన్లతో సహా. బుకింగ్ డబ్బు కడితే రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: వద్దనుకుంటే పూర్తిగా వాపసా, డెలివరీ నాటికి ధర పెరిగితే ఎవరి మీద పడుతుంది.

ఇటు పాత కారు వైపు కూడా గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ ఆగే తేదీ కంటే నెలల ముందే ఆర్డర్లు మూసేస్తారు. ఆ లోపే కొన్ని రంగులు, కొన్ని సీట్లు, కొన్ని బ్రేక్ ప్యాకేజీలు జాబితాలోంచి మాయమవుతాయి. మీకు ఫలానా స్పెసిఫికేషనే కావాలంటే డిస్కౌంట్ కోసం చూడకుండా ముందే ఆర్డర్ పెట్టండి. ఏ రంగైనా సరే అనుకుంటే చివరిదాకా ఆగండి, మిగిలిపోయిన స్టాక్ మీదే బేరం బాగా ఆడుతుంది.

ఇక డబ్బు లెక్క. కొన్న ధర చూసి సంబరపడొద్దు, మొత్తం నష్టం చూడండి. ఊహకి ఒక లెక్క: పాత కారు అసలు ధర 100, కొత్తది 108. మూడేళ్ళ తర్వాత పాతది 55కి, కొత్తది 68కి అమ్ముడవుతుందనుకుందాం. కొత్తదాని మీద మీ నష్టం 40. పాతది డిస్కౌంట్ లేకుండా కొంటే నష్టం 45, అంటే తప్పు బేరం. 5 డిస్కౌంట్‌కి రెండూ సమానం. 10 ఇస్తే పాతదే లాభం. మీ కారు అంకెలు వేసి ఈ సమానమయ్యే డిస్కౌంట్ ముందే తేల్చుకుని షోరూమ్‌కి వెళ్ళండి. వాడిన కార్ల ధరల కోసం దాని ముందు తరం మారినప్పుడు ఏం జరిగిందో చూడండి, అంతకంటే మంచి ఆధారం లేదు. ఏడెనిమిదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి ఏడాదికి పడే తేడా బాగా పల్చబడుతుంది. రెండేళ్ళలో అమ్మేసే అలవాటుంటే, పెద్ద డిస్కౌంట్ లేకుండా పాతది ముట్టుకోవద్దు. పాతదాంట్లో మాత్రమే మాన్యువల్ గానీ, టర్బో లేని ఇంజన్ గానీ ఉంటే ఈ లెక్క తిరగబడవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కొనకండి, దాన్ని నడపాలని కొనండి.

కొనాలని తేలాక, స్టాక్‌లో నిలిచిన కారుని ఎలా చూడాలో చెప్తాను. టైర్ పక్క గోడ మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. 3524 అంటే 2024లో 35వ వారం. నాలుగు టైర్లదీ చూడండి. ఒకే చోట నెలల తరబడి నిలబడితే సమ్మర్ టైర్లకి చదును మచ్చలు పడతాయి. టెస్ట్ డ్రైవ్‌లో టైర్లు వేడెక్కాక కూడా స్టీరింగ్ అదురుతుంటే టైర్లు మార్చమని అడగండి. బ్యాటరీని రాత్రంతా కదపకుండా ఉంచి వోల్టేజ్ కొలిపించండి. 12.6 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, 12.4 కంటే తక్కువైతే చార్జ్ చేయించి మళ్ళీ పరీక్షించాలి, 12 కంటే కింద పడి ఉన్నదైతే కొత్తది అడగడమే న్యాయం. డిస్కుల మీద పైపైన తుప్పు నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. ప్యాడ్ అచ్చు గుంటలా దిగి ఉంటే, పెడల్ కాలి కింద అదురుతూ తన్నుతుంటే డిస్కులు మార్చాలి. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, మామూలుగా రెండేళ్ళకి మార్చేది. కారు ఏడాదికి పైగా నిలిచిందంటే ఇంజన్ ఆయిల్‌తో పాటు అదీ డెలివరీకి ముందే మార్పించండి.

కారు గుర్తింపు నంబర్‌తో పెండింగ్ రీకాల్‌లు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఏమున్నాయో సర్వీస్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకోండి. అవన్నీ పూర్తయ్యాకే మిగతా డబ్బు కట్టండి. డెమో కారుగానో, అమ్మకాల లెక్క చూపించడం కోసం డీలర్ పేరు మీద ముందే రిజిస్టర్ చేసిన కారుగానో ఉంటే వారంటీ ఆ రోజు నుంచే మొదలై ఉంటుంది. మీరు కొనే నాటికి ఎనిమిది నెలలు గడిచిపోయి ఉంటే ఆ ఎనిమిది నెలల విలువ ధరలో తగ్గించాలి, లేదా కంపెనీ పొడిగింపు వారంటీ డీలర్ ఖర్చుతో రాయించాలి. వారంటీ మొదలైన తేదీ కంపెనీ సిస్టమ్‌లో ఏముందో అడిగి, ఇన్‌వాయిస్ మీద అదే తేదీ రాయించుకోండి.