బహుమతి సొమ్ము ఎవరి చేతికి అందాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఎవరైనా చూసి, మార్చి వాడుకునేలా కోడ్‌ను బహిరంగంగా ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛందంగా రాసేవారికి నగదు బహుమతులు ప్రకటించడం మేలు చేస్తుందా అన్నది ఈనాటి చర్చ. చాలాకాలంగా ఇలాంటి ప్రాజెక్టులలో పనిచేస్తున్న అతిథి మనతో ఉన్నారు. సార్, డబ్బు ఇస్తే పని పెరుగుతుందా?

అతిథి: పెరుగుతుందండి. అయితే ఏ పని పెరుగుతుంది, దాని భారం ఎవరి మీద పడుతుంది అన్నది చూడాలి. కర్ల్ సంగతే తీసుకోండి. నెట్‌లో సమాచారాన్ని చేరవేసే ఈ ప్రోగ్రాము ఫోన్లలో, టీవీలలో, కార్లలో కూడా ఉంటుంది. భద్రతా లోపాన్ని కనిపెట్టినవారికి నగదు ఇచ్చే పథకాన్ని ఆ బృందం 2019లో మొదలుపెట్టింది. కొన్నేళ్లు అది చక్కగా నడిచింది. నిజమైన లోపాలు బయటపడ్డాయి, కనిపెట్టినవారికి సొమ్ము అందింది. ఆ తరువాత ఏఐ చేత రాయించిన నివేదికలు వచ్చిపడ్డాయి. 2025 మధ్యనాటికి, ఆ ఏడాది అందినవాటిలో నిజమైన లోపాలుగా తేలినవి సుమారు 5 శాతమేనని ప్రాజెక్టు స్థాపకుడు డేనియల్ స్టెన్‌బర్గ్ స్వయంగా రాశారు. చివరకు 2026 జనవరితో బహుమతులను నిలిపివేశారు.

వ్యాఖ్యాత: తప్పుడు నివేదికకు ఎలాగూ డబ్బు ఇవ్వరు కదా. తిరస్కరిస్తే సరిపోదా?

అతిథి: తిరస్కరించాలన్నా ముందు చదవాలి కదండీ. లేని లోపాన్ని ఉన్నట్టు నమ్మించే నివేదికను నిమిషాలలో తయారు చేయవచ్చు. అది నిజం కాదని తేల్చడానికి మాత్రం ఆ కోడ్ క్షుణ్ణంగా తెలిసినవారు గంటల తరబడి కూర్చోవాలి. బహుమతి ప్రకటించేవారు లెక్కలోకి తీసుకోనిది ఈ సమయాన్నే. నగదే కానక్కరలేదు, టీ-షర్టు చాలు. ఓపెన్ సోర్స్‌కు తోడ్పడేవారిని ప్రోత్సహించడానికి అక్టోబరు నెలలో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు, అంటే ప్రాజెక్టులో చేర్చమని కోరుతూ పంపే మార్పులకు, ఒక టీ-షర్టు అన్నందుకు, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఒకటి రెండు పదాలు చేర్చి పంపినవారితో ప్రాజెక్టుల నిర్వాహకులు విసిగిపోయారు. ఆ నెల మొదటి వారంలోనే నియమం మార్చి, ముందుగా సమ్మతించిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కిస్తామని ప్రకటించవలసి వచ్చింది.

వ్యాఖ్యాత: మరి బయటివారికి కాకుండా, లోపల ఏళ్లుగా శ్రమిస్తున్నవారికే ఇస్తే?

అతిథి: స్వచ్ఛందంగా పనిచేసేవారు రూపొందించే డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో 2006లో అదీ జరిగింది. ఎట్చ్ అనే కొత్త వెర్షన్‌ను డిసెంబరులో విడుదల చేయించాలన్న ఉద్దేశంతో, అప్పటి ప్రాజెక్టు నాయకుడు ఆంథొనీ టౌన్స్, మరికొందరు కలిసి డంక్-ట్యాంక్ పేరుతో విరాళాలు సేకరించి, విడుదల బాధ్యతలు చూసే ఇద్దరికి వేతనం ఇవ్వాలని సంకల్పించారు. కొందరు డెవలపర్లు నొచ్చుకుని, తమ పనిని తగ్గించుకుంటున్నామని బహిరంగంగానే చెప్పారు. ఎట్చ్ 2007 ఏప్రిల్ 8న వెలువడింది. ఆలస్యానికి ఆ వివాదమొక్కటే కారణమని నేను అనను. డెబియన్ విడుదలలు అంతకుముందూ ఆలస్యమైనవే. కానీ పదిమంది సమానంగా మోస్తున్న పనిలో ఇద్దరికే వెల కడితే, మిగిలిన ఎనిమిది మందికి తమ శ్రమ మీద సందేహం కలుగుతుంది. ఆ బాధ న్యాయమైనదేనని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: అంటే డబ్బు వద్దేవద్దంటారా?

అతిథి: ఆ మాట మాత్రం అనను. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఆ లోపమున్న ప్రోగ్రాము, నెట్‌లో వెళ్లే సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి లోకంలోని బ్యాంకులూ దుకాణాలూ నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని తెలిసింది. సేవాభావం పేరు చెప్పి ఇలాంటి పనిని ఉచితంగా వాడుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే పోటీలకన్నా నిర్వహణకు ఇచ్చే నిధులే మేలంటాను. మన దేశంలో షేర్ల క్రయవిక్రయాలు జరిపించే జెరోధా సంస్థ 2024లో ప్రారంభించిన ఫ్లాస్ ఫండ్ ఏటా పది లక్షల డాలర్లను, ఇప్పటికే నడుస్తూ నలుగురికీ ఉపయోగపడుతున్న ప్రాజెక్టులకు ఇవ్వడానికి కేటాయించింది. గెలుపోటములు లేవు, ఉన్న పని నిలబడాలన్నదే లక్ష్యం.

వ్యాఖ్యాత: మన ఇంజినీరింగ్ కళాశాల ఒకటి లక్ష రూపాయలతో పోటీ పెట్టదలచుకుంటే ఏమి సలహా ఇస్తారు?

అతిథి: ముందు ఆ ప్రాజెక్టు నిర్వాహకులతో మాట్లాడి, వారికి ఏ పని కావాలో, ఎంతమంది కొత్తవారికి దారి చూపగలరో తెలుసుకోవాలి. సొమ్ములో సగం సమీక్షించేవారికే కేటాయించాలి. పుల్ రిక్వెస్ట్ పంపినందుకు కాక, అది ఆమోదం పొంది కొన్ని నెలలు నిలిచిన తరువాతే బహుమతి ఇవ్వాలి.

వ్యాఖ్యాత: సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే స్థానికీకరణ పనికీ ఇదే పద్ధతి వర్తిస్తుందా?

అతిథి: అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం. అనువదించిన వాక్యాల సంఖ్యను బట్టి బహుమతి ఇస్తే, యంత్రానువాదాన్ని యథాతథంగా అతికించేవారే ముందుంటారు. దానిని సరిదిద్దే తెలుగువారు కొద్దిమందే. ఆ పోటీలో నేనైతే అనువదించినవారికి ప్రశంసాపత్రం ఇచ్చి, తప్పులు దిద్దినవారికి డబ్బు ఇస్తాను.